కచుని గురువు చేసిన కట్టడి

(విద్యార్థులు, మద్యపానము, 21 ఏండ్ల నియమము – ఈ విషయమై నంద్యాలయందును, ఆళ్లగడ్డయందును చేసిన ఉపన్యాసము)



మన ఈ సీమ సామాన్యమైనది కాదు. ఒక కొసన నంద్యాల చుట్టును నవనందులు వెలసియున్నారు. మరియొక కొసన ఆళ్లగడ్డకు దాపున అహోబిలమునందు నవనారసింహులు వెలసియున్నారు. ఈ రెండు ఊళ్ల నడుమ బాట ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఇట్టి చోట పెరుగుచున్న పిల్లలను గూర్చి మద్యపానము అనెడి మాట ఎత్తవలసి వచ్చుటయే మనస్సునకు కష్టముగా నున్నది. అయినను ఎత్తక తప్పదు. రోగమును దాచినవానికి వైద్యుడు ఎదురుగా ఉండియు ప్రయోజనము లేదు.

ఈ దినమున నంద్యాల చదువుల ఊరైనది. డిగ్రీ కళాశాలలు, ఇంజనీరింగు కళాశాలలు, వైద్య కళాశాలలు ఉన్నవి. 2022 ఏప్రిల్ 4 నుండి జిల్లా కేంద్రమును అయినది. చుట్టు పల్లెల నుండి, దూరపు జిల్లాల నుండి పిల్లలు వచ్చి వసతి గృహములలోను, అద్దె గదులలోను ఉండి చదువుకొనుచున్నారు. ఇంటిలో ఉన్నంత కాలము తండ్రి చూపు, తల్లి పిలుపు కాపాడినవి. గదిలో ఆ రెండును లేవు. చేతిలో మాత్రము నెలకు పంపు డబ్బు ఉన్నది.

నంద్యాలలో మాట్లాడినప్పుడు మమ్ములను ఇద్దరు రెండు ప్రశ్నలు అడిగినారు. ఒకటి విద్యార్థి ప్రశ్న. "స్వామీ! 18 ఏండ్లకే మాకు ఓటు ఇచ్చినారు. ప్రభుత్వమును నిలుపుటకును, దించుటకును తగిన బుద్ధి మాకు ఉన్నదని ఒప్పుకొన్నారు. ఈ ఒక్క విషయమున 21 ఏండ్లు ఎందుకు?" రెండవది ఒక తండ్రి ప్రశ్న. "మా వానికి ఈ శ్రావణమునకు 21 నిండుచున్నవి. ఇక చట్టమే అడ్డు చెప్పదు గదా, మేమేమి చెప్పగలము?" మొదటి ప్రశ్నకు ఉత్తరము చెప్పుట కొంత సులభము. రెండవదే బరువైనది. రెండింటిని వదలక చూతము.

ముందు చట్టమేమో తెలిసికొనవలెను. మద్యము మన రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలోని విషయము. కనుక ఏ రాష్ట్రము నియమము ఆ రాష్ట్రమునది. మన ఆంధ్రప్రదేశమున 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. తెలంగాణములోను, తమిళనాడులోను 21 ఏండ్లే. కేరళలో 23. మహారాష్ట్రమున ఘాటైన మద్యమునకు 25. గోవాలో 18. గుజరాతునందు 1960 నుండి, బీహారునందు 2016 నుండి మద్యమే నిషేధము. పిల్లలు సెలవులు రాగానే గోవా పేరు ఎందుకు తలచుచున్నారో ఈ లెక్క చూచిన తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నియమము ముందుగా పట్టవలసినది త్రాగువానిని కాదు, అమ్మువానిని. 18 ఏండ్లు నిండని పిల్లలకు మత్తు పానీయము ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము 7 సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఇచ్చినవాడు దుకాణదారుడే కానక్కరలేదు. పెండ్లి పందిరి వెనుక మేనల్లుని భుజము తట్టి "మగవాడివి కావురా, ఒక గుక్క వేయి" అను మేనమామకును ఆ చట్టము వర్తించును. ఈ మాట విని నవ్వినవారు కొందరు ఉన్నారు. నవ్వవలసిన మాట కాదు.

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. వయస్సును బట్టి నియమము చేయుట దొరల కాలమున పుట్టినదని కొందరు తలచుచున్నారు. అట్లు కాదు. మహాభారతము ఆదిపర్వమున మాండవ్య మహర్షి కథ ఉన్నది. దొంగలు తమ సొమ్మును ఆయన ఆశ్రమమున దాచిపోగా, రాజభటులు మౌనవ్రతముననున్న ఆ మహర్షినే దొంగయని పట్టి కొరత వేసినారు. ఆయన ధర్మదేవతను సమీపించి, నేనేమి పాపము చేసితినని ఈ శిక్ష అని అడిగినాడు. పసితనమున పురుగులను గడ్డిపుల్లతో గ్రుచ్చితివి, దాని ఫలమిది అని యముడు చెప్పినాడు. మహర్షికి కోపము వచ్చినది. ఏమియు తెలియని వయస్సున చేసిన పనికి ఇంత శిక్షయా అని ధర్మునికే శాపమిచ్చినాడు. ఆ శాపము చేతనే ధర్ముడు విదురుడై పుట్టినాడు. అంతటితో ఊరకుండక, 14 ఏండ్లు నిండువరకు చేసినది పాపముగా ఎంచరాదని ఒక ఎల్లను ఏర్పరచినాడు.

గమనింపుడు. ధర్మదేవత అంతటివానికి కూడ వయస్సు లెక్క నేర్పినది ఒక ఋషి. ఆ ఎల్ల పిల్లలను అవమానించుటకు పెట్టినది కాదు, కాపాడుటకు పెట్టినది. బుద్ధి పండుటకు కాలము కావలెనని ఆ ఋషికి తెలిసియుండెను. ఈనాటి వైద్యులు చెప్పునది కూడ ఆ దారిలోనే ఉన్నది. మెదడులో ముందుభాగము, అనగా ఆగుము, ఆలోచింపుము అని చెప్పెడి భాగము, ఇంచుమించు 25 ఏండ్ల వరకు పెరుగుచునే ఉండునట. కోరిక పుట్టు భాగము అంతకు ముందే సిద్ధమగును. గుఱ్ఱము వచ్చినది, కళ్లెము ఇంకను రాలేదు. ఆ నడిమి కాలమున మద్యము అలవాటైన పిల్లలు, ఆలస్యముగా మొదలుపెట్టినవారికన్న ఎక్కువగా దానికి బానిసలగుదురని పరిశోధనలు చూపుచున్నవి.

ఓటు మాటకు వత్తము. మన దేశమున 1989లో ఓటు వయస్సు 21 నుండి 18కి దిగినది. మద్యపు వయస్సు దానితో దిగలేదు. అమెరికాలో ఈ రెండింటిని జత కట్టి చూచినారు. 1971లో ఆ దేశమున ఓటు వయస్సు 18 అయినది. ఓటు ఇచ్చినప్పుడు గ్లాసు ఎందుకు ఈయరాదను వాదము అక్కడను వచ్చినది. 1970 నుండి 1975 లోపల 29 రాష్ట్రములు మద్యపు వయస్సును తగ్గించినవి. తగ్గించినచోట పడుచువారు వాహన ప్రమాదములలో చనిపోవుట పెరిగినది. 13 ఏండ్ల కుమార్తెను త్రాగి బండి నడపినవాడు బలిగొనగా, క్యాండేస్ లైట్నర్ అను తల్లి 1980లో ఒక సంఘము స్థాపించినది. తల్లులు ఒకటైనారు. 1984 జూలైలో ఆ దేశము ఒక చట్టము చేసినది. అది రాష్ట్రములను బలవంతపెట్టలేదు. 21 ఏండ్ల నియమము పెట్టని రాష్ట్రమునకు రోడ్ల కొరకిచ్చు నిధులలో కోత పడును, అంతే. 1988 నాటికి అన్ని రాష్ట్రములును దారికి వచ్చినవి. అక్కడను ఎదురు వాదము లేకపోలేదు. 2008లో వందకు మించిన కళాశాలల అధ్యక్షులు, ఈ నియమము వలన పిల్లలు చాటుమాటుగా మితిమీరి త్రాగుచున్నారు, మరల చర్చింపవలెనని సంతకములు చేసినారు. పెద్దల మాట గనుక విననర్హమే. కాని చట్టము మారలేదు. ప్రమాదముల లెక్క వారి వాదమునకు తోడు రాలేదు.

మన నంద్యాల పిల్లలు పలువురు పై చదువులకు ఆ దేశమునకే వెళ్లుచున్నారు. వారి తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి ముందుకు సాగుదుము. అక్కడ త్రాగి వాహనము నడపి పట్టుబడిన విదేశీయుని వీసాను, న్యాయస్థానమున నేరము తేలకముందే రద్దు చేయు పద్ధతి 2015 నుండి ఉన్నది. పొలము అమ్మి పంపిన చదువు ఒక్క రాత్రిలో పోవచ్చును.

ఇప్పుడు ఈ ఉపన్యాసమునకు పేరు తెచ్చిన కథ. మృతసంజీవని విద్య రాక్షసుల గురువైన శుక్రాచార్యులకు మాత్రమే తెలియును. దానిని నేర్చుకొని రమ్మని దేవతలు బృహస్పతి కుమారుడైన కచుని పంపినారు. కచుడు ఎవడు? ఈనాటి మాటలో చెప్పినచో ఇల్లు విడిచి, పరాయి ఊరిలో, తనవారు కానివారి నడుమ ఉండి చదువుకొనుచున్న విద్యార్థి. బ్రహ్మచర్య దీక్షతో గురువునకు సేవ చేసినాడు, ఆవులను కాచినాడు. తోడి రాక్షసులకు అతడు కంటగింపైనాడు. వారు చంపుట, దేవయాని ఏడ్చుట, గురువు బ్రతికించుట జరిగినది. చివరకు వారొక ఉపాయము పన్నినారు. కచుని కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువునకే త్రాగించినారు. శుక్రుడు త్రాగినాడు. తన కడుపులో ఉన్నది తన శిష్యుడని ఆయనకు తెలియలేదు.

మూడు లోకములలో మరియొకరికి తెలియని విద్య తెలిసినవానికి, గ్లాసులో ఏమున్నదో తెలియలేదు. తరువాత కడుపులోని కచునకు ఆ విద్యను ఉపదేశించినాడు. కచుడు గురువు కడుపు చీల్చుకొని బయటికి వచ్చి, నేర్చిన విద్యతో గురువును బ్రతికించినాడు. దేవయాని కథ, ఆమె కోరిక, శాపములు అన్నియు తరువాతివి. వాటి జోలికి ఇప్పుడు పోవుట లేదు. లేచి కూర్చున్న శుక్రాచార్యుడు మొదట చేసిన పని ఏమి? రాక్షసులను శపించుట కాదు. మద్యమునకు కట్టడి చేసినాడు. ఈ దినము మొదలుకొని మద్యము త్రాగిన బ్రాహ్మణుడు మహాపాతకుడగునని లోకమునకు మర్యాద విధించినాడు. నన్నయ భట్టారకుడు దీనిని తెనుగున చెప్పునప్పుడు బ్రాహ్మణులు మొదలుగా గల జనులందరికిని వర్తింపజేసినాడు. తెలుగు దేశమున ఆ కట్టడి ఒక కులమునది కాదు.

ఈ కట్టడి చేసినవాడు మద్యమెరుగనివాడు కాదు. త్రాగినవాడు. దాని వలన తన బిడ్డవంటి శిష్యుని మ్రింగినవాడు. తనను తాను మొదటి ముద్దాయిగా నిలుపుకొని తీర్పు చెప్పినవాడు. మేము గ్రంథములలో చూచిన శాసనములలో ఇంత నిజాయితీ గలది మరియొకటి తోచుట లేదు. ఆ గురువును చూచిన తరువాత, మన ఊళ్లలో కొందరు అధ్యాపకులు, కొందరు తండ్రులు ఏమి చేయుచున్నారో చూచుకొనవలెను. ఆదివారము సాయంకాలము సీసా తెమ్మని పన్నెండేండ్ల పిల్లవానిని బెల్టు షాపునకు పంపు తండ్రి, వానికి 21 ఏండ్ల నియమమును ఏ నోటితో చెప్పగలడు? పంపినవాడును తప్పుచేసినవాడే, ఇచ్చినవాడును తప్పుచేసినవాడే. ఆ బెల్టు షాపునకు లైసెన్సే ఉండదు. వయస్సు అడుగుట అటుంచుడు, దానిని అడుగువాడే లేడు.

కొందరు పిల్లలు వాదము నేర్చినారు. వేదములోనే సోమపానము ఉన్నది గదా అందురు. సోమము వేరు, సుర వేరు. శతపథ బ్రాహ్మణము మొదటిదానిని వెలుగుతోను, రెండవదానిని చీకటితోను చేర్చి చెప్పినది. శివుడు విషము త్రాగలేదా అందురు. త్రాగినాడు. లోకము కాలిపోకుండుటకు త్రాగి, గొంతులోనే నిలిపినాడు. అట్లు నిలుపగలవాడు మహానంది కోనేటి గట్టున ఎవడైన కనబడినచో మాకు చూపుడు. మరికొందరు, మేము బీరు మాత్రమే పుచ్చుకొందుము, అది మద్యము కాదు అందురు. లెక్క వేసి చూడుడు. 650 మిల్లీలీటర్ల సీసాలో నూటికి 8 పాళ్లున్న స్ట్రాంగు బీరునందు 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉన్నది. నూటికి 42.8 పాళ్లున్న బ్రాందీ 120 మిల్లీలీటర్లు త్రాగినను ఇంచుమించు అంతే. చట్టమున బీరుకు వేరు వయస్సు లేదు. కాలేయమునకును ఆ భేదము తెలియదు. మద్యమును క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో 1988లోనే చేర్చినారు. ఇంత పుచ్చుకొన్నచో హాని లేదనుటకు వీలైన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

చట్టము ఉన్నచో చాలునా? ఈ ప్రశ్నకు మౌసలపర్వమున ఒక భయంకరమైన ఉత్తరమున్నది. యాదవ కుమారులు సాంబునికి ఆడవేషము వేసి ఋషులను పరిహసించిరి, ముసలము పుట్టినది, దానిని పొడిచేసి సముద్రమున కలిపిరి. ఇంతవరకు అందరికి తెలిసినదే. అటు తరువాత జరిగినది ఉపన్యాసములలో అంతగా చెప్పరు. ద్వారకలో చాటింపు వేసినారు. ఈ దినము మొదలు నగరమున ఎవ్వరును సుర కాచరాదు, రహస్యముగా కాచినవానిని బంధువులతో కూడ కొరత వేయుదుమని చాటినారు. ఆ ఆజ్ఞ రాజు పేరను, శ్రీకృష్ణుని పేరను, బలరాముని పేరను వెలువడినది. ఇంతకన్న గట్టి మద్యనిషేధ చట్టమును ఏ శాసనసభ చేయగలదు? భయపడి అందరును ఒప్పుకొన్నారు.

మరి యాదవులు ఎక్కడ త్రాగినారు? ద్వారకలో కాదు. తీర్థయాత్రలో. దుశ్శకునములు కనబడగా ప్రభాస తీర్థమునకు బయలుదేరినారు. బండ్లకు ఎత్తించినవానిలో భక్ష్యములు, మాంసములు, మద్యములు ఉన్నవి. బ్రాహ్మణుల కొరకు వండిన అన్నములో మద్యము కలిపి కోతులకు పెట్టి ఆడుకొన్నారు. సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచినాడు, మాట పెరిగినది, కత్తి లేచినది. చివరకు తుంగపరకలే రోకళ్లైనవి. కృష్ణుడు ఎదుట ఉండగానే, కృష్ణుని పేర చట్టముండగానే, ఒక పూటలో వంశము పోయినది.

ఇది చెప్పుచుండగా మాకు మన అడవి బాటలు గుర్తుకు వచ్చుచున్నవి. శనివారము వచ్చినచో మోటారు సైకిళ్లపై గుంపులుగా పిల్లలు మహానందికిని, అహోబిలమునకును వచ్చుచున్నారు. వారిలో భక్తితో కొండ ఎక్కి జ్వాలా నరసింహుని దర్శించువారు చాలమంది ఉన్నారు. వారికి మా నమస్కారము. కాని బాట ప్రక్క చెట్ల క్రింద పగిలిన సీసాలు ఎవరివి? పల్లెలలో సొంత ఇంటిలో త్రాగుటకు జంకువారు, దేవుని యాత్ర పేరు చెప్పి బయలుదేరి అడవిలో త్రాగుచున్నారు. ఇదియే ప్రభాస తీర్థము. వినాయక నిమజ్జనపు ఊరేగింపులను చూడుడు. కమిటీవారు పసుపు కుంకుమలకు, ప్రసాదమునకు అని చందా తెచ్చి, చివరి దినమున ట్రాక్టరు వెనుక దేనికి ఖర్చు పెట్టుచున్నారో వీధి అంతటికిని తెలియును. చందా ఇచ్చినది మనమే. మనము లెక్క అడుగలేదు.

మద్యమునకు ఎదురుగా మన రాష్ట్రమున జరిగిన పోరాటమును ఈ కాలపు పిల్లలు ఎరుగరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా వలన ఇండ్లు గుల్లయగుటను గూర్చి పాఠము చదివి, అది తమ కథయే అని తెలిసికొని, ఊరి సారా దుకాణమును మూయించినారు. 1992 నాటికి ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొన్నది. మన కర్నూలు జిల్లాకు చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నుండగా 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించినారు. 1995 జనవరి 16 నుండి, సరిగా సంక్రాంతి దినములలో, నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము తెచ్చినది. రెండేండ్లు నడచినది. పొరుగు రాష్ట్రముల నుండి దొంగ మద్యము వచ్చినది, ఖజానాకు ఆదాయము పోయినది. 1997లో నిషేధము సడలినది. తరువాత దుకాణముల పద్ధతులు అనేక విధముల మారినవి. 2019లో ప్రభుత్వమే దుకాణములు నడిపినది. 2024 అక్టోబరు 16 నుండి మరల ప్రైవేటువారికి 3,396 దుకాణములు లాటరీలో ఇచ్చినారు. 99 రూపాయలకు క్వార్టరు సీసా వచ్చినది. ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అను మాట ఈ వేదికపై మేము మాట్లాడము. మద్యనిషేధమునకు ప్రయత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణమున ప్రభుత్వములకు చెప్పినది. ఆ మాట అట్లే ఉన్నది. విద్యార్థి చేతి ఖర్చునకు అందునట్లు సీసా ధర ఉన్నప్పుడు, వయస్సు అడుగవలసిన బాధ్యత దుకాణదారునిపై మరింత పెరుగునని మాత్రము మేము చెప్పుచున్నాము. గుర్తింపు పత్రము లేనిదే సిమ్ కార్డు ఈయని దేశమిది. సీసాకు మాత్రము ముఖము చూచి ఇచ్చుచున్నారు.

రహదారి ప్రక్క దుకాణములు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పు చెప్పినది, 500 మీటర్ల దూరము పెట్టినది. మరుసటి సంవత్సరమే చిన్న ఊళ్లకు 220 మీటర్లన్నారు, పురపాలక ప్రాంతములకు సడలింపు ఇచ్చినారు. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డల మీదుగా పోవునది జాతీయ రహదారి. రాత్రి ఆ దారిన మన పిల్లలు బండ్లు నడపుచున్నారు. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నచో నేరము. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేక 6 నెలల వరకు జైలు, లేక రెండును. కాని జరిమానా మాట ప్రక్కన పెట్టుదము.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దాపున చిన్నటేకూరు వద్ద జరిగినది మనమెవ్వరమును మరువలేదు. హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు మరణించినారు. అంతకు ముందే ఒక మోటారు సైకిలు ప్రమాదమునకు లోనై రోడ్డుపై పడియున్నది, బస్సు దానిని ఈడ్చుకొనిపోయినది, మంట పుట్టినది. ఆ బండి నడపిన యువకుడు మద్యము సేవించియున్నాడని పోలీసులు ప్రకటించినారు. అతడును మరణించినాడు. బస్సు కాలుటకు వేరు కారణములును ఉండవచ్చును, వాటిని తేల్చువారు తేల్చుదురు. మేము చెప్పదలచినది ఇది. బస్సులో నిద్రించువారికి ఆ యువకుడెవరో తెలియదు. ఆ యువకునికి వారెవరో తెలియదు. అతడు 21 ఏండ్లు దాటినవాడు. దుకాణమున అతనికి సీసా ఇచ్చుటలో వయస్సు నియమము తప్పలేదు.

కనుక ఆ తండ్రి ప్రశ్నకు ఉత్తరము ఇచ్చటనే ఉన్నది. 21 నిండిన దినమున చట్టము నీ కుమారుని చేయి వదలును. వదలినంత మాత్రమున త్రాగుమని చెప్పినట్లు కాదు. నీరు లోతైనదని చెప్పి గట్టున కంచె వేసినారు. పిల్లవాడు పెద్దవాడైనాడని కంచె తీసినారు. నీటి లోతు తగ్గలేదు. అట్లని ఆ దినమున క్రొత్తగా ఉపన్యాసము మొదలుపెట్టినచో ఏ కుమారుడును వినడు. పదునాలుగవ ఏట, పదునైదవ ఏట ఇంటిలో మాట్లాడియుండవలెను. మాట్లాడనిచో, ఈ దినమే కూర్చుండబెట్టుకొని, కేకలు వేయక, మన బంధువులలో త్రాగి చెడినవారి కథ పేర్లతో సహా చెప్పుడు. ప్రతి ఇంటిలోను ఒకరైన ఉన్నారు. సిగ్గుపడి దాచుచున్నాము. పురాణముకన్న ముందు ఆ కథ వినవలెను.

స్నేహితుల మాట ఒకటి ఉన్నది. పంచ మహాపాతకములలో సురాపానము ఒకటి. అయిదవది ఏదనగా, ఆ నాలుగు చేసినవారితో సహవాసము. మన పూర్వులు గుంపు బలమును ఎంత తెలిసినవారో చూడుడు. గదిలో నలుగురు ఉందురు. ముగ్గురు త్రాగుదురు. నాలుగవవాడు మొదటి వారము ఊరక కూర్చుండును, రెండవ వారము వారికొరకు పకోడీలు తెచ్చును, మూడవ వారము ఒక గుక్క. బలవంతము ఎవరును చేయరు. "వీడు అమ్మకూచి" అన్న ఒక్క మాట చాలును.

ఆ నాలుగవవానికి మేము చెప్పునది ప్రహ్లాదుని కథ. అహోబిలము కొండలలో ప్రహ్లాద బడి అను చోటున్నది, చూచినవారు చూచియుందురు. ప్రహ్లాదునికి పాఠము చెప్పిన చండామార్కులు ఎవరు? కచుని గురువైన ఆ శుక్రాచార్యుల కుమారులే. తోడి విద్యార్థులందరును దైత్య బాలకులు. ఆ బడిలో ప్రహ్లాదుడు ఒక్కడు. అతడు వారిని విడిచి పారిపోలేదు, చదువు మానలేదు, వారిని అసహ్యించుకొనలేదు. గురువులు ఇంటి పనులపై వెళ్లిన సమయమున, ఆటలకు పిలిచిన తోడి పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని మాట్లాడినాడు. వారు ఆట వస్తువులు విడిచి విన్నారని భాగవతము చెప్పుచున్నది. ముగ్గురు ఒకనిని మార్చగలిగినప్పుడు, ఒకడు ముగ్గురిని మార్చుట అసాధ్యము కాదు. ఆ నాలుగవవాడు ఆదివారము ముగ్గురిని బండ్లెక్కించుకొని ఎగువ అహోబిలము తీసికొనిపోయి, కొండ ఎక్కించి, సాయంకాలము దింపవలెను. అలసిన కాళ్లకు నిద్ర వచ్చును, సీసా గుర్తుకు రాదు. ఈ ఉపాయమును మేము కల్పించినది కాదు, ఒక విద్యార్థియే మాకు చెప్పినాడు.

ఇప్పటికే అలవాటు ముదిరినవారి మాట మిగిలినది. మాల వేసికొన్న 41 దినములు చుక్క ముట్టక, మాల తీసిన సాయంకాలమే దుకాణమునకు పోవువారిని చూచి మనము నవ్వుచున్నాము. నవ్వకుడు. 41 దినములు నిలిచినవాడు మరి 41 దినములు నిలువగలడు. మాల తీయు దినమున గురుస్వామి, ఇంటివారు అతని ప్రక్కన ఉండవలెను. ఆ ఒక్క సాయంకాలము గడచుటయే కష్టము. అయితే ఏండ్ల తరబడి దినమును త్రాగినవానిని మ్రొక్కు పేరుతో ఒక్కసారిగా మాన్పించుట అపాయము. చేతులు వణకుట, మూర్ఛ వచ్చుట, మతి తప్పుట జరుగవచ్చును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. అట్టివానిని ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయి, వైద్యుని కనుసన్నలలో మాన్పింపవలెను. మ్రొక్కు తరువాత తీర్చుకొనవచ్చును, స్వామి ఎక్కడికిని పోడు. త్రాగుడు మాన్పించు సలహా కొరకు 14446 అను నంబరునకు, మనోవ్యాధుల సలహా కొరకు 14416 అను నంబరునకు ఖర్చు లేక ఫోను చేయవచ్చును. రెండును ప్రభుత్వమువే. ఈ రెండు నంబర్లను వసతి గృహముల గోడలపై వ్రాయించుటకు, ఆళ్లగడ్డలో ఈ సభ ముగిసిన పిమ్మట పేర్లు ఇయ్యదలచిన యువకులు వేదికకు కుడివైపున పుస్తకములో వ్రాయవచ్చును. సున్నము, రంగు, కుంచెలు ట్రస్టువారు ఇచ్చెదరు.